ఒంటి చెప్పుల పాఠం

ప్రమీలమ్మ ఆ పొద్దున కొడుక్కి అప్పజెప్పిన పనులు పెద్ద కష్టమైనవేమీ కావు. హాలియాకు పోయి మటన్, పెరుగు తేవాలి. వియ్యాలవారు వచ్చి, తిని, పోయేదాకా నోరు మూసుకొని ఉండాలి. నవీన్ మటన్ తెచ్చాడు, పెరుగూ తెచ్చాడు. నోటి దగ్గరికి వచ్చేసరికే వ్యవహారం అడ్డం తిరిగింది.

నిజం చెప్పాలంటే నవీన్ వాగుడుకాయ కాదు. నల్గొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాడు. ఎంత బిడియస్తుడంటే, మానవ ప్రత్యుత్పత్తి పాఠం వచ్చిన ప్రతి ఏడాదీ సుద్దముక్క బల్లమీద పెట్టేసి, ఇది తేలికైన పాఠం, ఇంటి దగ్గర చదువుకోండని పిల్లలకు చెప్పి తరవాతి పాఠంలోకి దూకేస్తాడు. అలాంటివాడి చేత నలుగురిలో ఆ పాఠమే చెప్పించింది భయం. భయం మనిషిని ఎంతకైనా దించుతుంది.

భయమంతా అక్క మనస్విని గురించి. మొదటి కాన్పుకు తల్లిగారింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. అయిదో నెల నడుస్తోంది. ఆ రోజు అత్తగారి వైపు వాళ్ళు వచ్చి, భోజనం చేసి, తల్లినీ పిల్లనూ వెంటబెట్టుకొని పోవాలి. మరి తీసుకుపోతారా, ఇక్కడే వదిలేసి పోతారా? తండ్రి లేని ఇల్లు, అక్క బాధ్యత తన నెత్తిమీదే ఉందనుకునే తమ్ముడు. నాలుగు రోజులుగా నవీన్‌కు అన్నం సయించడం లేదు.

ఈ పురుగును వాళ్ళ చెవిలో వేసింది పక్కింటి మంజులత. అక్క అత్త గోపమ్మ ఊళ్ళోనే మంజులత చిన్నమ్మ కూడా ఉంటుంది. కోడలికి ఆడపిల్ల పుట్టిందన్న కబురు రాగానే గోపమ్మ పొద్దుగూకే దాకా ఏడ్చిందట. పోనీ, పుకారనుకుందామంటే ఇరవైఒకటో నాటి తొట్టెల పండుగకు కూడా ఆమె రాలేదు. వాళ్ళది గొర్ల మంద. పచ్చిక ఎండిపోగానే మందను తోలుకొని కృష్ణా నది దిక్కు వలస పోతారు, అమ్మ మంద వెంట పోయింది, అందుకే రాలేదని బావ సైదులు నచ్చజెప్పాడు. మనవరాలి కంటే గొర్లు ఎక్కువైనాయా అని ప్రమీలమ్మ ముక్కు చీదింది. మా అత్త మాట్లాడేదే తక్కువ, మీరు ఊరికే ఫికర్ చేయకండని మనస్విని ఎంత మొత్తుకున్నా తల్లీ కొడుకూ వినలేదు. ఏడాదిలో సగం దినాలు మంద వెంట తిరిగే మనిషి సంగతి దీనికేం తెలుసని కొట్టిపారేశారు.

పదకొండు దాటాక ఏడు సీట్ల ఆటో వాకిట్లో ఆగి, ఏడుగురికి రెట్టింపు మందిని దింపింది. ముందు గోపమ్మ పెనిమిటి గుర్వయ్య దిగాడు. తలకు రుమాలు, కాళ్ళకు కిర్రుమనే తోలు చెప్పులు. ఆయన వెనక సైదులు, వాళ్ళ వెనక చుట్టాలు, అందరికన్నా చివర గోపమ్మ. అందరూ చెప్పులు కడప ముందర విడిచి, కాళ్ళు కడుక్కొని లోపలికి వచ్చారు. మనస్విని పిల్లను తెచ్చి అత్త చేతికి అందించబోయింది.

గోపమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. రెండు చేతులూ కొంగులో దాచుకుంది. పిల్ల మొహంలోకి చాలాసేపు చూసి, "ఆడిపిల్ల" అని ఒక్క మాట అంది. భుజంతో కళ్ళు ఒత్తుకొని, పోయి గోడకు ఆనుకొని కూర్చుంది.

వంటింటి తలుపు సందులోంచి ఇదంతా చూసిన ప్రమీలమ్మ కొడుకును లోపలికి లాగింది. "అయిపాయె నవీనూ. పిల్లను ముట్టనన్న ముట్టలే. ఈళ్ళు తీస్కపోరు రా, ఈడ్నే ఇడిసిపెట్టి పోతరు." వచ్చినవాళ్ళలో ఎవరి కన్ను ఎలాంటిదో, ముందు దిష్టి తీయించాలని ఆమెకు తోచింది. మంజులతను పిలిచి, ఉప్పు, మిరపకాయలు, ఒక ఒంటి చెప్పు తీసుకొని దిష్టి తీసి దూరంగా పారేసి రమ్మంది. పారేశాక వెనక్కి తిరిగి చూడకూడదు. ఎవరు అడిగినా చెప్పకూడదు. చెబితే పోయిన దిష్టి మళ్ళీ పిల్ల మీదికే వస్తుంది. ఇది మంజులతకు కొత్త కాదు, ఆ వాడలో సగం ఇళ్ళకు దిష్టి తీసేది ఆమే.

నవీన్ మాత్రం దిష్టిని నమ్మడు, సైన్సును నమ్ముతాడు. పుట్టేది ఆడో మగో తేల్చేది తండ్రి వైపు నుంచి వచ్చే సగమని పెద్దవాళ్ళకు ఒక్కసారి తెలిస్తే అక్క మీద మాట రాదు. ముందు గుర్వయ్య చెవిన వేస్తే, గోపమ్మకు ఆయనే చెప్పుకుంటాడు. కానీ అక్క మామ ముందర కూర్చొని వీర్యకణం అనీ అండం అనీ ఎలా అనడం? తలుచుకుంటేనే చెవులు వేడెక్కాయి. దిక్కుతోచక వాకిట్లోకి వచ్చి నిలబడితే కడప ముందర చెప్పులు కనిపించాయి. జతలు జతలుగా, ఒకవైపు మగవాళ్ళవి, ఒకవైపు ఆడవాళ్ళవి. పాఠం పుస్తకంలో కంటే అక్కడే తేటగా ఉన్నట్టు అనిపించింది.

పందిరి కింద మంచంలో కూర్చున్న గుర్వయ్య ముందర రెండు గంపలు పెట్టి, ఆయన చెప్పుల జతే చేతిలోకి తీసుకున్నాడు. "మామా, మన ఒంట్లె ఒక్కొక్క కణంల గిట్ల జతలు జతలుగ ఉంటయి. ఇరవై మూడు జతలు. దాన్ని ద్వయస్థితికం అంటరు."

గుర్వయ్య గంభీరంగా తలూపాడు. వియ్యాలవారింట్లో ఎవరేం చెప్పినా తలూపాలన్నది ఆయన నియమం. దాంతో నవీన్‌కు ధైర్యం వచ్చింది. బిడ్డ పుట్టడానికని తయారయ్యే కణంలో మాత్రం జతలుండవని, ప్రతి జతలోంచి ఒక్కటే పోతుందని, దాన్ని ఏకస్థితికం అంటారని చెబుతూ మగవాళ్ళ ఎడమ చెప్పులన్నీ ఏరి ఒక గంపలో వేశాడు. దానికి బాపు గంప అని పేరు పెట్టాడు. ఆడవాళ్ళ ఎడమ చెప్పులు ఏరి రెండో గంపలో వేశాడు, అది అమ్మ గంప. అనరాని మాటలన్నీ ఆ రెండు పేర్ల కింద దాక్కున్నాయి. ఈ సగం, ఆ సగం కలిస్తేనే మళ్ళీ నిండు జతలై పిల్ల తయారవుతుందని చెప్పాడు.

గుర్వయ్యకు అర్థమైంది వేరు. కాల్వ నీళ్ళు పారే ఈ దిక్కు ఊళ్ళలో ఇదేదో మర్యాద కాబోలు, పిల్లను అత్తగారింటికి తోలేటప్పుడు వచ్చినవాళ్ళవి ఒక్కో చెప్పు దాచిపెట్టి, తిన్నాక ఇస్తారు కాబోలు అనుకున్నాడు. పెళ్ళిలో పెండ్లికొడుకువి దాచిపెట్టరా మరి? అడిగితే బాగుండదని అడగలేదు. పైగా చుట్టాల దిక్కు వంగి, ఇది వీళ్ళ రివాజు, ఎవ్వరూ కాదనకండని గుసగుసగా చెప్పాడు. వాళ్ళూ నవ్వుతూ ఊరుకున్నారు.

"అసలు సంగతి ఆఖరి జతల ఉంది మామా" అని నవీన్ మొదలుపెట్టేసరికి లోపలి నుంచి అన్నానికి పిలుపు వచ్చింది. మటన్ వాసన ముందర ఆఖరి జత ఏ మూలకు? మంచాలు ఖాళీ అయ్యాయి. నవీన్ గంపలను కడప పక్కన అలాగే వదిలి వడ్డించడానికి పరుగెత్తాడు.

వడ్డిస్తున్నాడన్న మాటే గానీ ప్రాణం ప్రాణంలో లేదు. పాఠం సగంలో ఆగింది. సగం తండ్రిది, సగం తల్లిది అన్నదాకే మామ విన్నాడు. అంటే ఆడపిల్ల పుట్టడంలో సగం తప్పు అక్కదేనని తనే చెప్పినట్టయింది కదా. ఈ ఆలోచన రాగానే చేతిలో చారు గిన్నె ఒలికి సైదులు చొక్కా తడిసింది. అంతలో గోపమ్మ ప్రమీలమ్మను పిలిచి చెంచా అడిగింది. ఆమె చెంచాతోనే తిన్నది. అన్నాన్ని చేత్తో తాకలేదు. పిల్లనే కాదు, మన అన్నం కూడా ముట్టనంటుందని ప్రమీలమ్మ తలుపు చాటుకు పోయి కొంగు నోట్లో కుక్కుకుంది.

సరిగ్గా అప్పుడే మంజులత ఉప్పు, మిరపకాయలు పిడికిట్లో పట్టుకొని, ఒంటి చెప్పు కోసం వాకిట్లోకి వచ్చింది. కడప పక్కన రెండు గంపల నిండా ఒంటి చెప్పులు కనిపించాయి. ఎందరికో దిష్టి తీసింది గానీ, ఇన్ని చెప్పులు కావలసిన దిష్టిని ఆమె ఎన్నడూ చూడలేదు. ప్రమీలమ్మ పాపం ఎంత భయపడి ఏరి పెట్టిందోననుకుంది. లోపల పడుకున్న పిల్ల చుట్టూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి, వచ్చి గంపల్లోని చెప్పుల మీద వేసింది. పంచాయతీ చెత్త ట్రాక్టరు సందులోకి రాగానే రెండు గంపలూ అందులో బోర్లించి, గంపలను ఉన్నచోటే పెట్టి, కాళ్ళు కడుక్కొని లోపలికి వచ్చింది. వెనక్కి తిరిగి చూడలేదు.

వక్కాకు నములుతూ గుర్వయ్య బయటికి వచ్చాడు. మొహం నిండా నవ్వు. ఇక చెప్పులు ఇప్పిస్తే బయల్దేరుతామని, ఏదో సరసమాడినట్టు అడిగాడు. నవీన్ గంపల దిక్కు చూశాడు. గంపల అడుగున బుట్ట అల్లిక తప్ప ఏమీ లేదు. కడప ముందర కుడికాలి చెప్పులు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి.

మంచాల కింద వెతికారు, గడ్డివాము వెనక వెతికారు. కుక్క ఎత్తుకుపోయిందేమోనని ఒకరన్నారు. ప్రతి జతలోంచి ఎడమదే ఏరుకునే కుక్క ఏ ఊళ్ళో ఉంటుందని ఇంకొకరు కసిరారు. మంజులతను అడిగితే పెదవులు బిగించి ఆకాశం దిక్కు చూసింది. చెబితే దిష్టి పసిదాని మీదికి తిరిగి వస్తుంది మరి, ఆమె బాధ ఆమెది. గుర్వయ్య నవ్వు కొంచెం కొంచెంగా ఆరిపోయింది. మే నెల ఎండ, వాకిలి పెనంలా కాలుతోంది. చుట్టాలు ఒంటికాలి మీద నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సావు దినాలకు వచ్చినోళ్ళ లెక్క ఉత్తకాళ్ళతోని పోవాల్నా మేము?" అన్నాడు గుర్వయ్య. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ భయపెట్టింది. "పిల్లను తోలుడు ఇష్టం లేకుంటే నోటితోని చెప్తే అయిపోతుండె. సైదులూ, ఆటో తియ్యమను. కోడలి సంగతి పెద్దమనుషులల్ల కూసొని మాట్లాడుదాం."

ఏది జరగకూడదని నవీన్ నాలుగు రోజులు వణికాడో అది తన చేతులతోనే జరిగిపోతోంది. సంచులు సర్దుకొని గుమ్మంలో నిలబడిన మనస్విని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ప్రమీలమ్మ మంజులత రెండు చేతులూ పట్టుకొని, నీకు తెలిసింది చెప్పు తల్లీ, నీ కాళ్ళు మొక్కుతానంది. మంజులత ఇక ఆగలేక ఆమె చెవిలో ఊదింది. ప్రమీలమ్మ ఆ మాట బయట పెట్టగానే నవీన్ ట్రాక్టరు నడిపే హనుమంతుకు ఫోన్ చేశాడు. చెత్త ఊరవతల కుమ్మరించానని, నిప్పు కూడా పెట్టానని, ఇవాళ ఎందుకో రబ్బరు వాసన ఎక్కువగా వస్తోందని హనుమంతు చెప్పాడు.

గుర్వయ్య, ఆటో సంగతి తరవాత గానీ, మంచిగా ఉన్న జతలను అసలు నువ్వెందుకు విడదీశావని నవీన్‌ను నిలదీశాడు.

నవీన్‌కు ఇక దాచుకునే ఓపిక లేదు. "మా అక్క తప్పు లేదని చెప్పనీకి, మామా. ఆడిపిల్ల పుట్టిందని అత్త పొద్దుగూకేదాంక ఏడ్చిందట. ఇయ్యాల పిల్లను ముట్టుకోలే. మీరు అక్కను తీస్కపోరని మాకు గుబులు పట్టింది. ఆడిపిల్లైనా, మగపిల్లగాడైనా తల్లి చేతుల ఏం లేదని చెప్దామనుకున్న. గంతే."

గోడకు ఆనుకున్న గోపమ్మ లేచి కడప దగ్గరికి వచ్చింది. "ముట్టుకోలేదా? చూడు ఈ చేతులు." కొంగులోంచి రెండు అరచేతులూ తీసి నవీన్ ముక్కు ముందర పెట్టింది. గొర్ల మందు ఘాటుకు నవీన్ తల వెనక్కి పోయింది. "పొద్దుగాల మందకు కడుపుల పురుగులు పోనీకి నట్టల మందు తాపి వచ్చిన. ఎంత తోమినా వాసన పోలే. గీ చేతులతోని పసిపిల్లను ఎట్ల ఎత్తుకుంట? అన్నం ఎట్ల తింట? నలుగురు కొడుకులను కన్న గానీ నా ఇంట్ల ఒక్క ఆడిపిల్ల లేదు. మనవరాలు పుట్టిందంటే సంబురంతోని ఏడుపొచ్చింది. తప్పా?"

ప్రమీలమ్మ గుండెల మీద చెయ్యి వేసుకొని అక్కడే కూలబడింది. మనస్విని నేను చెప్పలేదా అన్నట్టు తమ్ముడి దిక్కు చూసింది. సైదులు నవ్వాడు, చుట్టాలు నవ్వారు. గుర్వయ్య కూడా పోతే పోయాయిలే చెప్పులు, ఆటోలోనే కదా పోయేదని సర్దుకున్నాడు. నవీన్‌కు నాలుగు రోజుల తరవాత మొదటిసారి ఆకలైంది.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. కానీ గోపమ్మ, ఆఖరి జతలో ఏదో ఉందంటూ ఆపేశావట, అదేంటో చెప్పమని నవీన్‌ను అడిగింది. ఇన్నేళ్ళ నౌకరీలో ఆ పాఠం చెప్పమని అడిగిన మొదటి మనిషి ఆమే. నవీన్ పొంగిపోయాడు. మిగిలిన కుడికాలి చెప్పుల్లోంచి రెండు ఆడ చెప్పులు తీసి, ఆడమనిషి ఆఖరి జత ఇలా ఉంటుందన్నాడు. ఒక ఆడ చెప్పు, గుర్వయ్య తోలు చెప్పు పక్కపక్కన పెట్టి, మగమనిషిది ఇలా ఉంటుందన్నాడు.

"అమ్మ గంపలకెళ్ళి ఎప్పటికి ఆడ చెప్పే వస్తదత్తా, ఆమె కాడ ఇంకోటి లేదు. బాపు గంపలకెళ్ళి ఆడదన్న రావచ్చు, మగదన్న రావచ్చు. ఆయన సగంల ఏదొస్తే పిల్ల అదే."

గోపమ్మ ఆ జతలను చాలాసేపు చూసింది. తోలు చెప్పును చూసింది, దాని యజమానిని చూసింది. "అంటే ఆడిపిల్ల పుట్టాల్నన్నా మగాయన సగంలకెళ్ళే రావాలె."

"అవునత్తా."

"వరసగ కొడుకులే పుడితే?"

"అది గూడ బాపు గంపనే" అన్నాడు నవీన్ హుషారుగా. అయినా కావాలని ఎంచి వేసేది కాదని, ఎవరి చేతుల్లోనూ లేదని కూడా అన్నాడు గానీ, అప్పటికే గోపమ్మ వినడం మానేసి పెనిమిటి దిక్కు తిరిగింది.

"విన్నవా? ఆడిపిల్ల నిలువని కడుపని మీ అవ్వ నన్ను ఊరంత తిట్టె. నువ్వు పక్కన కూసొని, నాదేం తప్పు, దాని కడుపే గట్లాంటిది అంటివి. నేను మంగళారం మంగళారం ఒక్కపొద్దులుంటి. ఎల్లమ్మ కాడికి ఉత్తకాళ్ళతోని నడిస్తి. బతుకమ్మ నాడు అందరి ఆడిపిల్లలు తల్లిగారింటికి వస్తుంటే, మన వాకిట్ల ఎవ్వరు దిగకపాయె. నీ కర్మ అంటివి. ఎవరి కర్మ అది?"

గుర్వయ్య వక్కాకును దవడకు నెట్టుకున్నాడు. తనకేం తెలుసని గొణిగాడు. మరి నాకు తెలుసా, తెలియనివాడివి నోరు మూసుకొని ఉండాల్సిందని గోపమ్మ అంది. మళ్ళీ పోయి గోడకు ఆనుకొని కూర్చుంది.

"మీరు పోండ్రి. నేను రాను."

పెద్దవాళ్ళు బతిమిలాడారు, సైదులు బతిమిలాడాడు, మనస్విని అత్త గడ్డం పట్టుకుంది. గోపమ్మ కోడలి మీద మాత్రం కోపం చూపలేదు. పిల్లను జాగ్రత్తగా చూసుకో బిడ్డా, చేతుల వాసన పోయినంక వచ్చి ఎత్తుకుంటానని బుజ్జగించింది. తరవాత ప్రమీలమ్మ దిక్కు తిరిగింది. "కోపమొస్తే పోనీకి నాకు తల్లిగారిల్లు లేదు, వదినె. అమ్మ లేదు, నాయిన లేడు. ఈడ జర జాగా ఇస్తవా?"

ప్రమీలమ్మ ఏమంటుంది? ఇల్లు నీదే వదినె అని నోరు అలవాటు కొద్దీ అనేసింది. ఆ మాట అర్థమేమిటో బుర్రకు ఎక్కేసరికి ఆటో కదిలింది. లోపల మనస్విని, ఒడిలో పిల్ల, పక్కన సైదులు. డ్రైవరు పక్కన ఒంటి చెప్పుతో గుర్వయ్య. కోడలిని తీసుకుపోవడానికి వచ్చిన మనిషి పెండ్లాన్ని దిగబెట్టి పోతున్నాడు. మందలో వెనక దొడ్డి గొర్లకు ఇంకా మందు తాపలేదని, నువ్వే తాపమని గోపమ్మ కడపలోంచి కేకేసింది.

అప్పటినుంచి గుర్వయ్య పూటపూటా నవీన్‌కు ఫోన్ చేస్తున్నాడు. అన్నం మాడిందని ఒక పూట, మంద మాట వినడం లేదని ఒక పూట. నిన్న మాత్రం, సారూ, నీ పుస్తకంలో మగవాళ్ళ తప్పు లేదని చెప్పే పాఠమేదైనా ఉంటే మీ అత్తకు అది కూడా చెప్పి ఇంటికి తోలు, ఆటో కిరాయి నేనిస్తానన్నాడు. గోపమ్మ చేతుల వాసన ఎప్పుడో పోయింది. పొద్దున్నే లేచి ప్రమీలమ్మ వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుండాలో, పొయ్యి మీద ముందు ఏది పెట్టాలో చెబుతోంది. ప్రమీలమ్మ వారం రోజులుగా కొడుకుతో మాట్లాడడం లేదు.

బిడ్డను అత్తగారింటికి ఎన్నో నెలలో తోలాలో ఆచారం చెబుతుంది గానీ, బిడ్డ అత్తను ఆమె ఇంటికి ఎన్నో నెలలో తోలాలో ఏ ఆచారమూ చెప్పదు.